‘నైట్ థాట్స్’ను మళ్లీ చదివిన జార్జ్ ఎలియట్

1857 జనవరిలో బ్రిటన్‌లోని రెండు పత్రికల్లో పేరు లేని రెండు రచనలు వచ్చాయి. ‘బ్లాక్‌వుడ్స్ మ్యాగజైన్’లో ఏమాస్ బార్టన్ అనే పేద చర్చి గురువు కథ మొదలైంది. ‘వెస్ట్‌మినిస్టర్ రివ్యూ’లో, ‘నైట్ థాట్స్’ అనే కావ్యం రాసిన ఎడ్వర్డ్ యంగ్ అనే పాత కవి మీద పొడవైన, చాలా ఘాటైన వ్యాసం అచ్చయింది. రెండూ రాసింది మేరీ ఆన్ ఎవాన్స్. మరుసటి నెలలో ఆమె తన ప్రచురణకర్తకు రాసిన ఉత్తరంలో ‘జార్జ్ ఎలియట్’ అనే కలంపేరు మొదటిసారి పెట్టుకుంది.

ఈ రెండు రచనలనూ సాధారణంగా వేరువేరుగా చదువుతారు. వ్యాసం విమర్శకురాలిది, కథ నవలా రచయిత్రిది అనుకుంటారు. కానీ యంగ్ పద్యాల్లో ఏది లేదని ఆమెకు అంత కోపం వచ్చిందో, సరిగ్గా దాన్నే ఆమె కథల్లో రాయడం మొదలుపెట్టింది. అందుకే ఆ వ్యాసాన్ని ఒక పాత కవి మీద దాడిగా మాత్రమే చూస్తే చాలా పోగొట్టుకుంటాం. భక్తి పేరుతో, వ్యంగ్యం పేరుతో రాసిన పద్యాలను ఒక మంచి పాఠకురాలు ఎంత లోతుగా పరీక్షించగలదో అందులో కనిపిస్తుంది.

ముందు యంగ్ గురించి. ఇప్పుడు యూనివర్సిటీ సిలబస్ బయట ఆయన్ని చదివేవాళ్లు తక్కువ. ఒకప్పుడు మాత్రం ఆయన పేరు యూరప్ అంతా తెలుసు. 1683లో హాంప్‌షైర్‌లోని అపమ్‌లో పుట్టాడు. తండ్రి సాలిస్‌బరీ పెద్ద చర్చిలో డీన్ (అక్కడి గురువులకు పెద్ద) పదవి దాకా వెళ్లినవాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్న యంగ్ చాలా ఏళ్లు పెద్దమనుషుల ప్రాపకం కోసం తిరిగాడు. దుర్వ్యసనాలకు పేరు మోసిన వార్టన్ డ్యూక్ వెంట ఉన్నాడు. నాటకాలు రాశాడు, రాజును పొగుడుతూ పద్యాలు రాశాడు. 1725 నుంచి 1728 వరకు, కీర్తి కోసం మనుషులు పడే ఆరాటాన్ని ఎగతాళి చేస్తూ ఏడు వ్యంగ్య కావ్యాలు ప్రచురించాడు. ఆ మధ్యలోనే, 1726లో, ఏడాదికి 200 పౌండ్ల రాజ పింఛను వచ్చింది. కీర్తి కాంక్షను వెక్కిరించే పద్యాలు, పింఛను కోసం ప్రయత్నాలు రెండూ ఒకే ఏళ్లలో, ఒకే చేతి మీదుగా నడిచాయన్నమాట. నలభై దాటాక చర్చి గురువు అయ్యాడు. 1730లో హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని వెల్విన్ చర్చి ఆయనకు దక్కింది. 1765లో చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నాడు.

ఆయన్ని నిజంగా ప్రసిద్ధుణ్ణి చేసింది 1742, 1745 మధ్య వచ్చిన ‘నైట్ థాట్స్’. తొమ్మిది రాత్రులుగా విడదీసిన కావ్యం అది. అంత్యప్రాస లేని పద్యాల్లో, దాదాపు పదివేల పంక్తులు ఉంటుంది. చావు, ఆత్మ అమరత్వం, ఈ లోకం ఎంత అల్పమో అన్నవి దాని విషయాలు. లొరెంజో అనే అవిశ్వాసిని ఎదురుగా కూర్చోబెట్టుకుని కవి అతన్ని గద్దిస్తాడు, వాదిస్తాడు, వెక్కిరిస్తాడు. కాబట్టి ఇది ప్రార్థన పుస్తకం లాంటి కావ్యం కాదు. అంతకుముందు రాసిన వ్యంగ్య కావ్యాల ఎత్తిపొడుపు ఇందులో భక్తి దుస్తులు వేసుకుని కొనసాగుతుంది. వాయిదా వేయడం అనే అలవాటు కాలాన్ని దొంగిలిస్తుందన్న ఇంగ్లీషు సామెత ఇందులోంచే వచ్చింది. కవి, చిత్రకారుడు విలియం బ్లేక్ ఈ కావ్యం కోసం 537 నీటిరంగుల చిత్రాలు గీశాడు. వాటిలో 43 చెక్కడపు బొమ్మలుగా 1797 ముద్రణలో వచ్చాయి.

మేరీ ఆన్ ఎవాన్స్ ఈ కావ్యాన్ని మొదట చదివింది విమర్శకురాలిగా కాదు, భక్తురాలిగా. 1819లో వార్విక్‌షైర్‌లో, ఒక ఎస్టేటు వ్యవహారాలు చూసే రాబర్ట్ ఎవాన్స్ ఇంట్లో పుట్టిన ఆమె, మరియా లూయిస్ అనే టీచర్ ప్రభావంతో చిన్న వయసులోనే తీవ్రమైన ఎవాంజెలికల్ భక్తిలోకి (బైబిల్‌నూ వ్యక్తిగత మారుమనసునూ గట్టిగా పట్టుకునే ప్రొటెస్టెంటు ధోరణిలోకి) వెళ్లింది. ఆ భక్తి ఎంతటిదంటే, 1839లో ఆ టీచర్‌కు రాసిన ఉత్తరంలో నవలలు చదవడమే హానికరమనీ, చిన్నప్పటి నవలలు తనకు అంటించిన మానసిక రోగాలను సమాధి దాకా మోసుకెళ్తాననీ అంది. ముందు ముందు ‘మిడిల్‌మార్చ్’ రాయబోయే మనిషి అన్న మాట అది. కథలను అనుమానించిన ఆ వయసులో, ఈ లోకాన్ని తుచ్ఛంగా చూడమని చెప్పే యంగ్ పద్యాలు ఆమెకు బాగా నచ్చాయి.

ఆ తర్వాత ఆమె నమ్మకాలు మారాయి. 1841లో తండ్రితో కలిసి కావెంట్రీ పక్కన ఉన్న ఫోల్స్‌హిల్‌కు వెళ్లింది. అక్కడ మతాన్ని స్వేచ్ఛగా ప్రశ్నించే చార్లెస్, కారా బ్రే దంపతుల స్నేహం దొరికింది. 1842 జనవరిలో, ఇక చర్చికి రానని తండ్రితో చెప్పేసింది. ఇంట్లో పెద్ద గొడవైంది. చివరికి తండ్రి పక్కన చర్చిలో కూర్చునేలా, ఏం ఆలోచించుకోవాలో అది ఆమె ఇష్టం అనేలా రాజీ కుదిరింది. క్రీస్తు జీవితంపై స్ట్రౌస్ రాసిన జర్మన్ గ్రంథాన్ని ఆమె అనువదించగా 1846లో వచ్చింది. క్రైస్తవ మతంపై జర్మన్ తత్వవేత్త ఫాయర్‌బాక్ రాసిన గ్రంథానికి ఆమె అనువాదం 1854లో వచ్చింది. మధ్యలో లండన్ చేరి ‘వెస్ట్‌మినిస్టర్ రివ్యూ’ ఎడిటింగ్ పని దాదాపు అంతా తనే చూసింది. 1854 నుంచి రచయిత జార్జ్ హెన్రీ లూయిస్‌తో కలిసి జీవించింది.

కాబట్టి 1856లో యంగ్‌ను మళ్లీ తెరిచినప్పుడు ఆమె తన గతాన్ని కూడా తెరిచింది. వ్యాసంలో ఆ సంగతి దాచలేదు. చిన్ననాటి ఆనందపు తోట పరిమళం ‘నైట్ థాట్స్’ పేజీల మీద ఇంకా అంటుకునే ఉందనీ, బూటకపు భావాలున్న చోట్లకు కూడా అది పైనుంచి ఒక అందం ఇస్తోందనీ ఒప్పుకుంది. పెద్దయ్యాక స్థిమితంగా, పదేపదే చదివాక మాత్రం తన తీర్పు మారిందని చెప్పింది. స్వార్థాన్ని లెక్కపెట్టుకుని చూపే విధేయతను సానుభూతి స్థానంలో పెట్టడం, అహంకారానికి బాప్తిస్మం ఇచ్చి మతం అని పేరు పెట్టడం అనే పొరపాటుకు యంగ్ కంటే మంచి ఉదాహరణ దొరకదన్నది ఆ తీర్పు. వ్యాసం మొత్తం ఈ ఒక్క వాక్యానికి రుజువుగా నడుస్తుంది. శీర్షికలోనే ఆ సూచన ఉంది: ‘లౌకికత, పారలౌకికత: కవి యంగ్’. పరలోకం మీద యావ కూడా ఇహలోకపు యావకు తోబుట్టువేనని ఆమె అభిప్రాయం.

వ్యాసం ప్రారంభం చాలా ప్రసిద్ధం. మనుషుల చరిత్రను జీవశాస్త్రంగా అనుకుందాం, పద్దెనిమిదో శతాబ్దపు మొదటి సగంలో వల వేసి నమూనాలు పైకి లాగుదాం అంటుంది. 1730 ప్రాంతంలో ఒక విచిత్రమైన మతగురువు వలలో పడతాడు. సగం ముఖస్తుతి చేసేవాడు, సగం దేవుడి కీర్తనలు పాడేవాడు. ఒకసారి లోకాంతపు తీర్పు దినం అతని ఊహకు నిప్పు పెడుతుంది, ఇంకోసారి కొత్తగా ప్రభువుల బిరుదులు ఇస్తున్నారన్న వార్త పెడుతుంది. జార్జి రాజును ఎంత పరవశంతో పొగుడుతాడో యెహోవానూ అంతే పరవశంతో పొగుడుతాడు. చావు ఎంత గంభీరమైన విషయమో అతనికి తెలుసు, అంత్యక్రియల ఫీజు కూడా అంతే గంభీరమని తెలుసు. పోషకులందరి మీదా ప్రేమే గాని, మొత్తానికి సర్వేశ్వరుడి వైపే కాస్త ఎక్కువ మొగ్గు.

ఈ జీవశాస్త్రపు పోలిక ఊరికే తోచింది కాదు. ఆ 1856 వేసవిలోనే లూయిస్ ఇల్‌ఫ్రకూమ్, టెన్‌బీ తీరాల్లో సముద్రపు జీవుల్ని సేకరించి పరిశీలిస్తున్నాడు. ఆమె పక్కనే ఉండి ఆ రాళ్ల సందులన్నీ తిరిగింది. దేనినైనా దగ్గరగా చూసి, దాని ఆకారం ఇలా ఎందుకుందో అడిగే అలవాటు ఆ రోజుల్లో ఆమెలో బలపడింది. ఆ చూపుతోనే యంగ్‌నూ చూసింది.

వ్యంగ్య కావ్యాల దగ్గర ఆమె చెప్పిన మాట, వ్యంగ్యం గురించి ఎవరు ఎక్కడ రాసినా గుర్తు పెట్టుకోదగ్గది. గొప్ప వ్యంగ్యానికి మూడు మూలాలు ఉండవచ్చని ఆమె అంటుంది. ఒకటి, నిజమైన ఆగ్రహం. అది చీల్చి వదిలిపెడుతుంది. రెండోది, తాను ఎవరిని చూసి నవ్వుతోందో ఆ బలహీన మానవుణ్ణి తనవాడిగా ఒప్పుకునే హాస్యం. మూడోది, యంగ్ కాలపు కవి అలెగ్జాండర్ పోప్‌లో ఉన్నట్టు వ్యక్తిగతమైన కక్ష. అది మంచిది కాకపోయినా, ఎదుటి మనిషిని ప్రాణం ఉన్న మనిషిగా చూపిస్తుంది. యంగ్ దగ్గర ఈ మూడూ లేవు. నిజమైన, చిక్కుముడులున్న మనిషిని ఆయన ఎన్నడూ వర్ణించలేకపోయాడు. గుణాలకు, దుర్గుణాలకు మనుషుల పేర్లు పెట్టి, వాటి మీద చల్లగా, చమత్కారంగా ద్విపదలు కట్టాడు. మైనపు బొమ్మ మీదో, ఒక అమ్మాయి చేతి తొడుగు మీదో చమత్కార పద్యాలు రాసేవాడికి ఎంత భావోద్వేగం ఉంటుందో ఆయన వ్యంగ్యంలోనూ అంతే ఉందని తేల్చింది. స్త్రీల మీద యంగ్ రాసిన వ్యంగ్యం పోప్ రాసినదానికంటే మేలని ఒప్పుకుంటూనే, అది పోప్ ఘోరంగా విఫలమైన చోటు కాబట్టి ఆ మెప్పుకు పెద్ద విలువ లేదంటుంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. మతం గురించిన వ్యంగ్యం తప్పని ఆమె అనలేదు. మంచివాళ్లను ఎగతాళి చేశాడనీ కోప్పడలేదు. వ్యంగ్యం వెనక మనిషి లేకపోవడమే ఆమె ఫిర్యాదు. ‘నైట్ థాట్స్’లో లొరెంజో విషయమూ ఇంతే. అతను గట్టిగా ఎదురు వాదించే మనిషి కాదు, తిట్టడానికి కూర్చోబెట్టిన బొమ్మ. అవిశ్వాసి అంటే తాగుబోతు, వ్యభిచారి, మూర్ఖుడు అని ముందే ఖాయం చేసుకుని వాదన మొదలుపెడితే గెలవడం కష్టమేమీ కాదు. ఆ అవిశ్వాసుల జాబితాలో తాను కూడా ఉన్న పాఠకురాలికి ఆ పద్యాలు ఎలా వినిపించి ఉంటాయో ఊహించవచ్చు. తండ్రిని కష్టపెట్టుకుని, ఊళ్లో చెడ్డపేరు తెచ్చుకుని, నెలల తరబడి మనసు నలిగి ఆమె విశ్వాసం వదులుకుంది. ఆ బాధలో ఒక్క రవ్వ కూడా లొరెంజోలో లేదు.

ఆ తర్వాత ఆమె పద్యాల పోలికలను ఒక్కొక్కటిగా పట్టుకుంటుంది. వ్యాసంలో అన్నిటికంటే విలువైన భాగం ఇదే. సత్పురుషుడు ఆకాశాన్ని గట్టిగా పట్టుకుని, భూమిని తిరగమని ఆజ్ఞాపించి, దాని గిరగిరలను లెక్కచేయడని యంగ్ ఒకచోట రాశాడు. చదవగానే గంభీరంగా ఉంటుంది. ఒక్క నిమిషం ఆగి ఆ దృశ్యాన్ని నిజంగా ఊహించమంటుంది ఎలియట్. ఒక మనిషి ఆకాశాన్ని చేతులతో పట్టుకుని రోజూ అక్కడే వేలాడుతూ, కింద భూమిని చులకనగా తిరగమంటున్నాడు. నిజమైన అనుభూతి ఉన్నవాడికి ఇంత అసహజమైన ఊహ తట్టదని ఆమె వాదన. ఆడంబరంగా మాట్లాడేవాడు తనకేం అనిపిస్తోందో, ఏం కనిపిస్తోందో చెప్పాలనుకోడు. వినేవాళ్ల మీద ఒక ప్రభావం పడాలనుకుంటాడు. అందుకే అతను శూన్యంలోకి ఎంత దూరం కొట్టుకుపోయినా ఆపే కొలత ఏదీ ఉండదు. కవిగా యంగ్‌లో ఉన్న మూల లోపం నిజాయితీ లేకపోవడమేనని ఆమె అనేది ఈ అర్థంలో. ఆయన అబద్ధాలకోరు అని కాదు, అనుభూతిని వస్తువుతో సరిచూసుకోడని.

ఆయన దుఃఖం విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. ‘నైట్ థాట్స్’కు మూలం యంగ్ ఇంట్లో జరిగిన మూడు చావులని అందరూ అంటారు. 1731లో ఆయన లేడీ ఎలిజబెత్ లీని పెళ్లి చేసుకున్నాడు. ఆమె మొదటి పెళ్లి ద్వారా పుట్టిన కూతురు 1736లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో చనిపోయింది. దాదాపు నాలుగేళ్ల తర్వాత ఆ అమ్మాయి భర్త, ఆ తర్వాత కొద్ది నెలలకు యంగ్ భార్య పోయారు. కావ్యంలో మాత్రం మృత్యువు బాణం చంద్రుడు మూడుసార్లు నిండేలోపే మూడుసార్లు తగిలిందని ఉంటుంది. కవికి ఆమాత్రం స్వేచ్ఛ లేదా అంటే, ఉంది. దుఃఖాన్ని కుదించి చూపడం కవులందరూ చేసేదే. కానీ ఈ కుదింపు దుఃఖాన్ని పెంచడానికి కాక, పద్యానికి మూడు అనే లెక్క చక్కగా కుదరడానికి జరిగినట్టు ధ్వనిస్తుంది. బాధ అంకెల ఆటగా మారిన చోట పాఠకుడి మనసు వెనక్కి తగ్గుతుంది.

ఇక్కడి నుంచి ఎలియట్ తనకేం కావాలో చెబుతుంది. యంగ్‌కు సద్గుణం ఎక్కడో మంచూ తుఫానూ అందని కొండ మీద కూర్చుని కనిపిస్తుంది. మతం ఒక చేతిలో ఈ లోకాన్నీ ఇంకో చేతిలో పరలోకాన్నీ పట్టుకుని ఆకాశం నుంచి దిగి వస్తుంది. అవి నిజంగా ఎక్కడ ఉంటాయో అక్కడ మాత్రం ఆయన చూడడు. మామూలు కోటు వేసుకుని, సాయంత్రం పూట చలిమంట దగ్గర కూర్చుని, చిన్న కూతురి తల మీద చెయ్యి పెట్టుకున్న ఒక మనిషి మనసులో ఏం జరుగుతుందో ఆయనకు పట్టదు. తన కోపాన్ని న్యాయమూ జాలీ గెలిచే లోపలి పోరాటం, రోజువారీ బతుకులో ఎవరికీ తెలియకుండా చేసే త్యాగాలు ఆయన పద్యంలోకి రావు. ఈ భాగం చదువుతుంటే విమర్శ ఆగిపోయి నవల మొదలైనట్టు ఉంటుంది. కోటు, చలిమంట, పాప తల: విమర్శకు ఇన్ని వివరాలు అక్కర్లేదు. రాసే చెయ్యి అప్పటికే కథ వైపు తిరిగింది.

నీతి మీద వాదన ఇంకా తీవ్రమైనది. అమరత్వం లేకపోతే సద్గుణం కూడా చచ్చిపోతుందనీ, ఆత్మకు చావు ఉందనేవాడు తాను మోసగాణ్ణని తానే చెప్పుకుంటున్నాడనీ యంగ్ రాశాడు. అలాంటివాడు తన సుఖం చూసుకుంటే చాలు, లోకం నాశనమైనా పట్టించుకోనక్కర్లేదట. ఆ కాలపు ప్రసంగాల్లో ఈ వాదన ఎంతో మామూలు. ఇప్పటికీ అన్ని మతాల్లోనూ ఏదో రూపంలో వినిపిస్తుంది. ఎలియట్ దానికి ఒక సాధారణ మనిషి గొంతుతో జవాబు ఇప్పిస్తుంది. నేను నిజాయితీగా ఉంటున్నది ఇంకో లోకంలో బతకబోతున్నానని కాదు; అన్యాయం జరిగితే ఎంత నొప్పిగా ఉంటుందో నాకు తెలుసు, నేను చేస్తే ఎదుటివాడికీ అదే నొప్పి కాబట్టి. ఇంకో లోకంలో పొరుగువాడికి తూచి ఇచ్చేది ఏమీ ఉండదని ఈ లోకంలో అతనికి తూకం ఎందుకు తగ్గించాలి?

ఈ ఒక్క ప్రశ్న యంగ్ పద్యాల బరువంతా మోయగలదు. దుకాణంలో తరాజు దగ్గర తేలే విషయాన్ని ఆయన నక్షత్రాల దాకా తీసుకెళ్లాడు. ఆమె దాన్ని మళ్లీ దుకాణానికి తెచ్చింది. పరలోకపు కోర్టు భయం తప్ప మామూలు నీతికి వేరే కారణం కనబడనివాడి మీద ఈ లోకంలో పోలీసులు ఒక కన్ను వేసి ఉంచాలని కూడా అంది. అంతటితో ఊరుకోలేదు. నీతి ఎంతవరకు అమరత్వం మీద ఆధారపడుతుందో అంతవరకు అది నీతే కాదనీ, ఇంకా స్వార్థపు దశలోనే ఉందనీ వాదించింది.

ఇది చల్లని హేతువాదమని ఎవరైనా అనుకుంటే, వెంటనే వచ్చే మాటలు ఆ అభిప్రాయాన్ని మారుస్తాయి. మనం ఇక్కడ కొద్దికాలం ఉండి మాయమైపోతాం, మనం ప్రేమించేవాళ్లకూ కష్టాల్లో ఉన్న ఎందరికో ఈ భూమి మీది బతుకే మొత్తం బతుకు అన్న ఆలోచనలో ఉన్న జాలి, అనంతమైన జీవితం అన్న ఊహ కంటే నీతికి ఎక్కువ దగ్గరగా ఉండవచ్చని ఆమె అంది. చావు గురించి పదివేల పంక్తులు రాసిన కవికి చావు నుంచి అహంకారమే దొరికింది. చావు తర్వాత ఏమీ లేదనుకున్న మనిషికి చావు నుంచి కరుణ దొరికింది. వ్యాసంలో అన్నిటికంటే పెద్ద ఎదురుదెబ్బ ఇదే. గొంతు పెంచకుండా కొట్టిన దెబ్బ.

యంగ్ పక్కన నిలబెట్టడానికి ఆమె ఎంచుకున్నది మరో అవిశ్వాసిని కాదు, కవి విలియం కూపర్‌ను. ఆమె వాదనకు ఈ ఎంపిక చాలా బలం ఇచ్చింది. కూపర్ యంగ్ కంటే కటువైన మతం నమ్మినవాడు. దేవుడు తనను శాశ్వతంగా నరకానికి పంపాడన్న భయంతో మతి చలించి చాలా ఏళ్లు నలిగినవాడు. ‘ది టాస్క్’ (1785) కూడా అంత్యప్రాస లేని పద్యాల్లో రాసిన నీతి కావ్యమే. అయినా ఆ కావ్యంలో పొలాలు, కాల్వ గట్లు, శీతాకాలపు సాయంత్రాలు వాటి రూపంతో వాటిగానే ఉంటాయి. పెంచుకున్న కుందేళ్ల మీద ప్రేమ ఉంటుంది. అవసరం లేకుండా పురుగును తొక్కేవాణ్ణి స్నేహితుల జాబితాలో చేర్చుకోనన్న మాట ఉంటుంది. బానిసత్వం మీద కోపం ఉంటుంది. లోపం మతంలో ఉంటే కూపర్ కూడా యంగ్ లాగే రాయాలి. అలా రాయలేదు కాబట్టి లోపం వేరే చోట ఉంది. వస్తువు ఎంత దగ్గరగా ఉంటే అంత ప్రేమించడం, ఎంత తెలిస్తే అంత గౌరవించడం కూపర్ స్వభావం అని ఎలియట్ అంటుంది. కళ్ల ముందున్నదాన్ని అవమానించి, భక్తి కోసం దూరంగా, అస్పష్టంగా ఉన్నదాని వైపు పారిపోవడం యంగ్ స్వభావం.

ఆమె తీర్పు న్యాయమైనదేనా? పద్యాల విషయంలో చాలావరకు అవునని చెప్పాలి. మనిషి విషయంలో అంత గట్టిగా చెప్పలేం. యంగ్ కాలంలో పోషకుడు లేకుండా రచయిత బతకడం చాలా కష్టం. పదవి కోసం అర్జీలు పెట్టనివాళ్లు అరుదు. ఆయన పదవుల ఆశ ముసలితనం దాకా పోలేదన్నది నిజమే. 1758లో కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ థామస్ సెకర్ ఆయనకు రాసిన జవాబులో, మీ సంపద, మీ పేరు మిమ్మల్ని పదోన్నతి అవసరం లేనంత ఎత్తులో ఉంచాయనీ, మీ భావాలు దాని గురించి బెంగపడనంత ఎత్తులో ఉంచాయనీ మర్యాదగా తప్పించుకున్నాడు. కానీ డెబ్బై దాటిన మనిషి ఇంకా ఆశ పడుతున్నాడంటే అందులో నవ్వుకునేదే కాదు, జాలిపడేది కూడా ఉంది. యంగ్ వ్యంగ్యంలో ‘ఎదుటి మనిషిని తనవాడిగా ఒప్పుకునే హాస్యం’ లేదన్న ఎలియట్, వ్యాసం మొదట్లో వల వేసి లాగిన ఆ ‘నమూనా’ దగ్గర తానూ ఆ హాస్యం చూపలేదు. ఆ పేజీలు అద్భుతంగా ఉంటాయి. ఆమె పెట్టిన కొలతతోనే కొలిస్తే మాత్రం కఠినంగా ఉంటాయి. ఒకప్పుడు నమ్మిన పుస్తకం మోసం చేసిందన్న బాధ ఆ కఠినత్వంలో ఉంది.

ఆ లోటును ఆమె కథల్లో తీర్చుకుంది. ఏమాస్ బార్టన్ కూడా చర్చి గురువే. ఏడాదికి 80 పౌండ్ల జీతం, ఆరుగురు పిల్లలు. పెద్ద తెలివి లేదు, వాక్పటిమ లేదు, ఎవరి మనసు ఎలా ఉందో కనిపెట్టే నేర్పు లేదు. యంగ్ లాంటి కవికి అతను ఒక ద్విపదకు సరిపోయే హాస్యాస్పదమైన బొమ్మ. ఎలియట్ అతన్ని చూసి నవ్వుతుంది కూడా. కానీ నవ్వుతూనే, మామూలు గొంతుతో మాట్లాడుతూ, కాంతి లేని బూడిద రంగు కళ్లతో చూసే మనిషి అనుభవంలో కూడా కవిత్వమూ విషాదమూ ఉన్నాయని, అవి చూడడం నేర్చుకుంటే ఎంతో లాభమని పాఠకులకు నేరుగా చెబుతుంది. భార్య మిల్లీ చనిపోయినప్పుడు అంతవరకు అతన్ని తప్పుపట్టిన ఊరివాళ్లు దగ్గరవుతారు. వాళ్లను కదిలించింది అతని ప్రసంగాలు కాదు, అతనికి వచ్చిన కష్టం.

ఎవాంజెలికల్ భక్తిని కూడా ఆమె కథల్లో తోసిపుచ్చలేదు. ‘జానెట్స్ రిపెంటెన్స్’లో తాగుడుకు బానిసైన స్త్రీని నిలబెట్టేది ఎవాంజెలికల్ గురువు ట్రయన్. ‘ఆడమ్ బీడ్’ (1859)లో జైల్లో, మరణశిక్ష పడిన అమ్మాయి పక్కన రాత్రి గడిపేది మెథడిస్టు ప్రచారకురాలు దీనా. వాళ్ల సిద్ధాంతాలు ఆమెవి కావు. అయినా వాళ్ల భక్తి పక్కనున్న మనిషి వైపు తిరిగి ఉంది కాబట్టి వాళ్లను ప్రేమగా రాసింది.

యంగ్ వ్యాసంలో చెప్పిన ‘బాప్తిస్మం పొందిన అహంకారం’ పదిహేనేళ్ల తర్వాత పూర్తి మనిషిగా వచ్చింది ‘మిడిల్‌మార్చ్’ (1871–72)లో. బ్యాంకరు బుల్‌స్ట్రోడ్ తన డబ్బు దేవుడి పనికోసమే అనుకుంటాడు. ఆ డబ్బు ఎలా వచ్చిందో, దానికి అసలు వారసురాలు ఎవరో దాచేశాడు. ఎంత తేలిగ్గా దొరికే దొంగభక్తుడు! కానీ ఎలియట్ అతన్ని దొంగగా చూపదు. సిద్ధాంతాల కంటే కోరికలు బలంగా ఉన్న మనిషి, ఆ కోరికలు తీర్చుకోవడం సిద్ధాంతాలకు సరిపోయిందని తనకు తానే మెల్లగా సర్దిచెప్పుకున్నాడు, అంతే అంటుంది. ఇలా చేసుకోవడం మతస్థులకే పరిమితం కాదని కూడా గుర్తు చేస్తుంది. తోటి మనుషుల పట్ల నేరుగా కలిగే సానుభూతి అలవాటు అడ్డుకోకపోతే, మన నీతిని తినేయలేని సిద్ధాంతం ఏదీ లేదన్న ఆమె ప్రసిద్ధ వాక్యం అక్కడిదే. అతని పరువు పోయిన రోజున భార్య హారియట్ నగలు తీసేసి, సాదా నల్ల గౌను వేసుకుని అతని దగ్గరకు వచ్చి పక్కన కూర్చుంటుంది. ఇద్దరూ ఏడుస్తారు. యంగ్ మీద ఆమెకు రాని జాలి బుల్‌స్ట్రోడ్ మీద వచ్చింది. వ్యాసం రాసిన మనిషి కంటే నవల రాసిన మనిషి పెద్దమనసు చూపిందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఆ జనవరి 1857 సంచిక తర్వాత ఆమె ‘వెస్ట్‌మినిస్టర్ రివ్యూ’కు రాయలేదు. నవలలతో పేరు వచ్చాక పాత వ్యాసాలు పుస్తకంగా వేయమని చాలామంది కోరారు. 1880లో చనిపోయే ముందు, నిలవదగ్గవని తనకు అనిపించిన వాటిని మాత్రం ఎంచి, సవరించి, వరుస కూడా పెట్టింది. 1857కు ముందు రాసినవి ఇవి తప్ప ఇంకేవీ మళ్లీ అచ్చు వేయవద్దని రాతపూర్వకంగా చెప్పి వెళ్లింది. 1884లో జార్జ్ హెన్రీ లూయిస్ కొడుకు చార్లెస్ లీ లూయిస్ ఆ సంపుటిని ప్రచురించాడు. స్త్రీ రచయితల పేలవమైన నవలల మీద 1856లో రాసిన ప్రసిద్ధ వ్యాసం ఆ ఎంపికలో లేదు. యంగ్ మీది వ్యాసం అందులో మొట్టమొదటిది.